కోళ్ళ గూటికి పోయిన కారు తలుపు

పాత కారుకి కొత్త తలుపు ఆర్డరు పెడితే చాలు, పనైపోయినట్టే అనుకుంటారు మీరు. ఫోనులో బొమ్మ చూస్తారు, బండి పేరూ మోడలూ సరిపోయాయో లేదో చూస్తారు, నొక్కుతారు. పెట్టె వస్తుంది. అందులోంచి తలుపు తీసి బండికి పెడితే టక్కున పడుతుందని మీ నమ్మకం. మిమ్మల్ని ఏమీ అనను. ఇదే నమ్మకంతో చదువుకున్న పెద్దమనుషులే నా బుర్ర తినేశారు, ఇప్పుడిప్పుడే సుత్తి పట్టిన మీరెంత!

నేను పలాసలో హైవే పక్కన ఒక షెడ్డులో జీవితమంతా టింకరింగ్ చేసి, ఈ మధ్యే మానేశాను. గుద్దుకున్న రేకునీ, సొట్టపడ్డ రేకునీ, తుప్పు తిన్న రేకునీ మళ్ళీ బండి ఆకారంలోకి తీసుకురావడం మా పని. లారీలు, జీపులు, జీడిపప్పు ఫ్యాక్టరీల వ్యాన్లు, మూలపేట పోర్టుకి రాళ్ళు మోసే టిప్పర్లు, అన్నీ నా సుత్తి దెబ్బలు తిన్నవే. వాటిలో ఏదీ నా నిద్ర చెడగొట్టలేదు. నన్ను ఏడిపించింది ఒక్కటే. నా నడుమెత్తు కూడా లేని, పైకప్పు లేని, రెండే సీట్లున్న ఫారిన్ స్పోర్ట్స్ కారు.

దాన్ని లారీ మీద వేసుకుని తెచ్చినాయన మా ఊళ్ళో జీడిపప్పు ఫ్యాక్టరీ యజమాని. వాళ్ళది ఉద్దానంలో సముద్రం ఒడ్డు ఊరు, కొబ్బరీ జీడీ తోటలున్న కుటుంబం. ఆ కారు వాళ్ళ నాన్న కలకత్తాలో ఒక దొర దగ్గర కొన్నాడట. నడిపింది మాత్రం ఈయనగారి అక్క. టెక్కలి కాలేజీలో పాఠాలు చెప్పేది. ఆ రోజుల్లో ఆడమనిషి సైకిలు తొక్కితేనే వింత, ఆవిడ తలకి గుడ్డ కట్టుకుని, పైకప్పు లేని కారులో రోజూ టెక్కలి వెళ్ళివచ్చేదట. తర్వాత బండి మూలపడింది. ఆవిడ ఉద్యోగం నుంచి రిటైరైంది. ఆ తర్వాత కళ్ళకి నీటికాసులు వచ్చి, మెల్లమెల్లగా చూపు పూర్తిగా పోయింది.

చూపు పోయిన దగ్గర్నుంచి ఆవిడ గది దాటి రావడం లేదు. కర్ర పట్టుకోదు, ఎవరైనా చెయ్యి పట్టుకుని నడిపిస్తామంటే విదిలించేస్తుంది. 'నన్ను సామానులాగ మోసుకెళ్ళకండి' అంటుందట.

"అప్పకి ఆ బండంటే పేనం," అన్నాడు ఆయన షెడ్డులో స్టూలు మీద కూర్చుని. "బండి లెగిస్తే అప్ప కూడా లెగుస్తాదని నా ఆశ. నువ్వే ఎలాగోలాగ సెయ్యాల."

అలా అడిగితే ఎవరు కాదంటారు? బండి చుట్టూ తిరిగి చూశాను. సముద్రం వైపున్న భాగాన్ని ఉప్పుగాలి తినేసింది. ముందు మడ్‌గార్డు జల్లెడైపోయింది. తలుపుల అడుగు భాగం వేలు పెడితే రాలిపోతోంది. అయినా పైభాగం గట్టిగానే ఉంది.

"బాబూ, తుప్పు తిన్న సోట కోసీసి కొత్త రేకు అతికిత్తాను. మిగతాది పాతదే ఉంచుదాం," అన్నాను.

"అతుకులేటి? మా అప్పకి అతుకుల బండి ఇత్తానా? అన్నీ కొత్తవే ఎయ్యాల. ఫారిన్లో ఇప్పటికీ సేత్తన్నారట, ఫోన్లో సూసినాను."

సేత్తన్న మాట నిజమే. కానీ ఆ బండి తయారుచేసిన కంపెనీ కాదు, వేరేవాళ్ళు. ఎక్కడో దొరికిన ఒక పాత బండి మడ్‌గార్డు చూసి, దానిలాంటిది అచ్చు కొడతారు. అవి కాపీ పార్టులు. ఇక్కడే మీరు చెవులు రిక్కించి వినాలి. ఆ కాలం స్పోర్ట్స్ కార్లు ఇప్పటి కార్లలా మిషన్లో పోతపోసినట్టు రాలేదు. రేకు అచ్చులోంచి వచ్చాక, ఒక మనిషి సుత్తి పట్టుకుని, ఆ తలుపుని ఆ బండికి సరిపడేదాకా కొట్టేవాడు. కాబట్టి ఏ బండి తలుపు ఆ బండికే. ఒక బండిని చూసి చేసిన కాపీ ఇంకో బండికి నేరుగా పడితే అది మీ అదృష్టం, పడకపోతే మీ ఖర్మ. ఇదంతా ఆయనకి చెప్పాను. ఆయన తల ఊపాడు. తల ఊపడం వేరు, వినడం వేరని నాకు తర్వాత తెలిసింది.

ఇంకో మాట కూడా చెప్పాను. కొత్తవి బిగించేదాకా పాత రేకులు ఒక్కటి కూడా పారెయ్యొద్దన్నాను. దానికీ తల ఊపాడు.

పెట్టె వచ్చేటప్పటికి కార్తీకమాసం. సోమవారం కదాని నేను రావివలస వెళ్ళాను ఎండల మల్లన్న దర్శనానికి. రద్దీలో నలిగి, సాయంత్రానికి బస్సు దిగి షెడ్డుకి వస్తే, తాడు మీద చీరలారేసినట్టు వరసగా వేలాడుతున్నాయి. రెండు మడ్‌గార్డులు, రెండు తలుపులు, బానెట్టు. అన్నీ ఎర్రగా, నిగనిగలాడుతూ, తడితడిగా. ఒక్కోదాని మీద పసుపు, కుంకుమ, బంతిపూలు. కింద పగిలిన కొబ్బరిచిప్పలు.

మా పెయింటరు ఇచ్ఛాపురం వైపు మనిషి. నాతో ఎన్నో ఏళ్ళు కలిసి పనిచేశాడు. చేతిలో స్ప్రే గన్ను పట్టుకుని నవ్వుతున్నాడు.

"ఎలగున్నాది బావా రంగు?"

ప్రసాదం సంచీ పక్కన పడేసి వాడి మీదికి వెళ్ళాను. "బిగించి సూడకండా రంగేసీసినావేట్రా? బుర్రుందా నీకు?"

"నానేటి సేత్తాను బావా! ఆయన పంతులుగార్ని ఎంటబెట్టుకొచ్చినాడు. మద్దేనం లోగా ఎరుపు పడాలన్నాడు పంతులుగారు, మంచి గడియ మళ్ళీ నేదంట. నువ్వు రావాలన్నాను. మల్లన్న దగ్గరకెల్లినోడ్ని మజ్జిలో పిలవకూడదన్నారు."

నా జీవితంలో రకరకాల తప్పులు చూశాను. ట్యాంకు ఖాళీ చెయ్యకుండా వెల్డింగు పెట్టినవాణ్ణి చూశాను. కానీ విడి పార్టులకి ముహూర్తం పెట్టి రంగు వేయించిన మనిషిని మాత్రం అప్పుడే చూశాను. కాపీ పార్టులు అమ్మేవాడు పెట్టె మీదే అంటిస్తాడు కదా, రంగు వేసే ముందు బండికి పెట్టి చూసుకోండి, రంగు పడితే వెనక్కి తీసుకోము అని. ఆ కాగితానికి కూడా కుంకుమ బొట్టు పెట్టారు మహానుభావులు.

మర్నాడు పెట్టి చూశాను. కుడి మడ్‌గార్డుకి బోల్టులు పట్టాల్సిన రంధ్రాలు ఒకటి ఉండాల్సిన చోట లేదు, ఇంకొకటి లేని చోట ఉంది. రేకు అసలుదానికంటే పలచన, బొటనవేలితో నొక్కితే టప్పున లోపలికి పోతోంది. బానెట్టు ముందు సరిచేస్తే వెనక లేచింది, వెనక అణిస్తే ముందు నోరు తెరిచింది. ఎడమ తలుపు కొంచెం బతిమాలితే దారికొచ్చింది. కుడి తలుపు, అంటే డ్రైవరు వైపుది, పైన అంటుకుపోయి కింద వేలు దూరేంత బయటికి వచ్చింది. మడ్‌గార్డు మీద నుంచి తలుపు మీదికి సాగాల్సిన గీత మధ్యలో మెట్టు దిగినట్టు దిగిపోయింది.

ఆయన అమ్మినవాళ్ళకి ఫొటోలు పంపాడు. జవాబు చదివి వినిపించాడు. పార్టులు చాలా నాణ్యమైనవట, చిన్న అడ్జస్ట్‌మెంట్లు అవసరం కావచ్చట.

చిన్న అడ్జస్ట్‌మెంట్లు! ఆ మాట అన్నవాణ్ణి తెచ్చి మా షెడ్డులో మిట్టమధ్యాహ్నం ఆ తలుపు ముందు కూర్చోబెట్టాలనిపించింది. బయట టిప్పర్లు వరసకట్టి హారన్లు కొడుతున్నాయి, చేతికొచ్చే పనులు. నేను ఇక్కడ కుర్చీ ఎత్తు కారు పక్కన బోర్లా పడుకుని, రంధ్రాలు పూడ్చి కొత్తవి వేస్తూ, కోసి, అతికి, కొట్టి, మళ్ళీ కోస్తున్నాను. వేసిన రంగంతా పెచ్చులూడిపోయింది. పెచ్చు ఊడినప్పుడల్లా పెయింటరు నిట్టూర్చేవాడు. వాడి నిట్టూర్పు విన్నప్పుడల్లా నాకు సుత్తి ఎక్కడ వెయ్యాలో తెలిసేది కాదు.

ఆ కుడి తలుపు మాత్రం లొంగలేదు. అసలు తలుపు వంపు ఎంతో చూస్తే గానీ కుదరదనుకున్నాను. పాతది ఎక్కడ అని ఆయన్ని అడిగాను.

"పాతయ్యా? మా ఊరోల్లు అడిగితే ఇచ్చీసినాను. తుక్కే కదేటి," అన్నాడు ఆయన, తల ఊపుతూనే.

మోటారు సైకిలేసుకుని వాళ్ళ ఊరు వెళ్ళాను. మడ్‌గార్డుల్లో ఒకటి ఎవరి పెరట్లోనో గేదెకి కుడితి తొట్టి అయింది. కుడి తలుపు సముద్రం ఒడ్డున ఒక జాలరి ఇంట్లో దొరికింది. మట్టితో కట్టిన పెద్ద కోళ్ళ గూడు. దాని నోటికి సరుగుడు గుంజ పాతి, ఆ గుంజకి పాత హింజీలతో సహా తలుపు బిగించారు. ఆకుపచ్చ రంగు ఇంకా కొంచెం మిగిలే ఉంది. హ్యాండిలు కూడా ఉంది.

ఆ ఇంటావిడ ఎండు చేపలు తిరగేస్తోంది. తలుపు కావాలనగానే నడుం మీద చేతులు వేసింది.

"ఇచ్చింది మళ్ళీ అడగతారేటి బాబూ? సిగ్గు నేదేటి మీకు? ఆ తలుపు ఎట్టిన కాణ్ణించి ముంగిస నా కోడిపిల్లని ఒక్కదాన్నీ ముట్టనేదు."

"ఒద్దమ్మా, తీసుకుపోను. కొలతలు తీసుకుంటాను, అంతే."

"తీసుకో. మళ్ళీ ఏసినప్పుడు ఊరకే తోసీకు, పడదు. పైకెత్తి, మోకాలెట్టి నొక్కాల. అప్పుడే పడతాది."

నొక్కి చూశాను. హింజీలు అరిగి తలుపు కిందికి జారిపోయింది, అందుకే ఎత్తాల్సొస్తోంది. గుంజ వంకరై ఉంటుందని కూడా అనుకున్నాను. అట్టముక్క పెట్టి వంపు గీసుకుని, ఆవిడిచ్చిన మజ్జిగ తాగి వచ్చేశాను.

ఆ అట్టముక్క పట్టుకుని కొత్త తలుపుని మళ్ళీ మొదటినుంచి చేశాను. హింజీలు కొత్తవి వేశాను. చివరికి ఒకనాడు తలుపు వదిలితే దానంతటదే మెల్లగా వెళ్ళి, చిన్న శబ్దం చేసి పడింది. చుట్టూ సందు ఎక్కడ చూసినా ఒక్కటే. మడ్‌గార్డు గీత తలుపు మీదికి, తలుపు మీద నుంచి వెనక్కి దారం లాగినట్టు సాగింది. నా చేతి మీదుగా అంత మంచి పని అంతకుముందు రాలేదు. పెయింటరు మళ్ళీ రంగు వేశాడు. ఎవరినీ ముహూర్తం అడగలేదు.

బండిని వాళ్ళ ఊరు తీసుకెళ్ళిన రోజు యజమాని మమ్మల్నిద్దర్నీ కూడా రమ్మన్నాడు. వాకిట్లో బండి పెట్టి, మెకానిక్కు చేత బాగుచేయించిన ఇంజను ఆన్ చేశాడు. ఆ శబ్దానికి ఆవిడ గదిలోంచి లేచి, గోడ తడుముకుంటూ తనంతట తనే వరండాలోకి వచ్చింది. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

సన్నగా, నిటారుగా ఉన్న మనిషి. మెట్లు దిగి, చెయ్యి చాచి, బానెట్టు అందుకుంది. దాని మీద నుంచి మడ్‌గార్డు, మడ్‌గార్డు మీద నుంచి కుడి తలుపు. హ్యాండిలు చేతికి తగలగానే ఆవిడ మొహం మారిపోయింది. తలుపు తెరిచింది. మళ్ళీ వేద్దామని హ్యాండిలు పట్టుకుని పైకి ఎత్తబోయింది, మోకాలు ముందుకి పెట్టింది. తలుపు పైకి లేవలేదు. ఎందుకు లేస్తుంది, కొత్త హింజీలు నేనే కదా వేసింది! దానంతటదే మెత్తగా పడిపోయింది. ఎత్తుదామని వేసిన బలమంతా వృథాపోయి, ఆవిడ మోకాలు రేకుకి ఠంగుమని కొట్టుకుంది. తూలింది. తమ్ముడు పట్టుకోబోతే చెయ్యి విదిలించింది.

మోకాలు రుద్దుకుంటూ తలుపు పై అంచు ఇంకోసారి తడిమింది.

"ఇది మన బండి కాదురా," అంది.

"మనదే అప్పా! ఇంజను మనదే, కింద సట్రం మనదే..."

"నా మోకాలికి తెలీదేట్రా? మన తలుపు ఎత్తితే గాని పడేది కాదు. నాన్న ఎన్నిసార్లు బాగు చేయించినా అంతే. బండి కొన్ననాటి నుంచీ అంతే." కాస్త ఆగి, మెల్లగా అంది. "నాకు కనబడదని ఏదో బండి తెచ్చి పెట్టావు. నీ మనసు మంచిదే, కాదనను. కానీ ఇది మాత్రం వద్దు."

గోడ తడుముకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. గది తలుపు మూసుకున్న శబ్దం వినిపించింది.

నాకు ఎవరి మీద కోపం రావాలో తెలియలేదు. కాపీ కొట్టినవాడి మీదా? రంగు వేసినవాడి మీదా? పాత తలుపు కోళ్ళకిచ్చిన ఈ మహానుభావుడి మీదా? ఏ కంపెనీలో ఏ మనిషి ఎప్పుడు సరిగ్గా కొట్టకుండా వదిలేశాడో, ఆ తలుపు పుట్టుకతోనే జారిపోయి ఉంది. నేను ఇన్నాళ్ళూ ప్రాణం పెట్టి సరిచేసింది ఆవిడకి తెలిసిన ఒక్క గుర్తునే. యజమాని వరండా మెట్టు మీద కూలబడి, తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు. పెయింటరు నా వైపు చూశాడు.

"బావా, ఆ కోళ్ళ గూటికాడ ఆ జాలరావిడ కూడా మోకాలనే అన్నాదని సెప్పినావు కదా?"

స్పానరు తీసుకున్నాను. అక్కడికక్కడే, ఆ వాకిట్లోనే, నా చేత్తో బిగించిన తలుపుని నా చేత్తోనే ఊడదీశాను. యజమాని లేచి వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. "పిచ్చెక్కిందేటి నీకు? అంత బాగా అమిరిన తలుపు!" అన్నాడు. అమిరిందని ఆయన నోటంట వచ్చింది అప్పుడే, అదీ ఊడదీస్తున్నప్పుడు.

కొత్త తలుపుని నేనూ పెయింటరూ చెరో వైపు పట్టుకుని ఇసకలో నడిపించాం. జాలరావిడ దాన్ని ఇటు చూసింది, అటు చూసింది. నేను పాతదాన్ని ఊడదీసి, దీన్ని గుంజకి బిగించి వదిలాను. మెల్లగా వెళ్ళి పడింది. ఆవిడ నోరు తెరిచింది.

"ఓలమ్మ! మోకాలు అక్కర్నేదా దీనికి?"

"అక్కర్నేదు."

"మరి అలగైతే ఆ ముసలి తలుపుని మీరెందుకు ఒట్టుకుపోతన్నారు?"

నేను పాత తలుపు ఒక కొస ఎత్తి, రెండో కొస పట్టుకోమని పెయింటరుకి సైగ చేశాను.

పాత తలుపునీ బండినీ షెడ్డుకి తెచ్చి, తలుపుకున్న కోళ్ళ రెట్ట కడిగి, అడుగున తుప్పు తిన్న చోట కోసి కొత్త రేకు అతికాను. మొదట్నుంచీ నేను చేస్తానన్న పని అదే, గుర్తుందా? అరిగిన హింజీలు అరిగినట్టే ఉంచాను. బండికి బిగించాను. పైన సందు లేదు, కింద వేలు దూరుతోంది, గీత మెట్టు దిగింది. వేరేవాడి పనైతే ఆ షెడ్డు ముందు నిలబడి నాలుగు మాటలు అని వచ్చేవాణ్ణి.

"రంగెయ్యమంటావా బావా?" అన్నాడు పెయింటరు.

"బిగించినాం కదా. ఇప్పుడెయ్యి."

బండిని మళ్ళీ వాళ్ళ వాకిట్లో పెట్టాం, ఈసారి ఆవిడ వెంటనే బయటికి రాలేదు. తమ్ముడు గది బయట నిలబడి చాలాసేపు బతిమాలాడు. నాకు ఓపిక పోయింది. వాకిట్లోకి వెళ్ళి తలుపు తెరిచి, పైకెత్తి, మోకాలితో నొక్కాను. ధడ్‌మని రేకు అదిరి, లోపల గొళ్ళెం గరగరలాడి పడింది. మళ్ళీ తెరిచి, మళ్ళీ వేశాను.

ఆవిడ బయటికి వచ్చింది.

బానెట్టు మీద చెయ్యి వేసుకుంటూ వచ్చి, నన్ను పక్కకి జరగమన్నట్టు భుజంతో తోసింది. తలుపు అడుగున వేలు పెట్టి ఆ సందు తడిమింది. చాలాసేపు తడిమింది. తర్వాత తమ్ముణ్ణి పిలిచింది.

"నువ్వు స్టీరింగు దగ్గర కూర్చో. ఉండు, ఉండు, తలుపు నువ్వు వెయ్యలేవు."

ఆయన కూర్చున్నాడు. ఆవిడ హ్యాండిలు పట్టుకుని ఎత్తింది, మోకాలు పెట్టింది, వేసింది. నేను మోకాలు నొప్పెట్టేలా వేసిన తలుపు ఆవిడకి ఒక్క తోపుతో పడింది. అప్పుడు బండి మీద నుంచి చెయ్యి తియ్యకుండా, మడ్‌గార్డు, బానెట్టు, అటువైపు మడ్‌గార్డు తడుముకుంటూ చుట్టూ తిరిగి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా వెళ్ళి పక్క సీట్లో కూర్చుంది. తలకి గుడ్డ కట్టుకుంది.

"టెక్కలి పోనీ," అంది.

ఇప్పటికీ వీలైనప్పుడల్లా వాళ్ళిద్దరూ ఆ బండిలో టెక్కలి వెళ్ళి, టీ తాగి వస్తుంటారు. నాకది సంతోషమే. కానీ హైవే మీద పోయేవాళ్ళందరికీ కుడివైపు ఆ తలుపు కనబడుతుంది, చేసింది నేనని ఊరందరికీ తెలుసు. నా చేతి పనితనం చూడాలనుకుంటే మీరు సముద్రం ఒడ్డుకి వెళ్ళాలి, అక్కడ ఒక కోళ్ళ గూడు ఉంటుంది.

మొన్నొకసారి నన్నూ రమ్మంటే వెనకే బస్సులో వెళ్ళాను. నేను టీ కొట్టు దగ్గరకి చేరేసరికి, అక్కడి బాడీ షాపులో పనిచేసే కుర్రాడు ఒకడు, మీలాంటివాడే, బండి చుట్టూ తిరిగి కుడి తలుపు దగ్గర ఆగాడు.

"అమ్మా, ఈ తలుపు ఎవుడు బిగించినాడో గాని సెడగొట్టీసినాడు. మా షెడ్డులో ఒదిలీయండి, సాయంత్రానికి సరిసేసి ఇచ్చీస్తాం."

నేను టీ గ్లాసు మొహానికి అడ్డం పెట్టుకున్నాను. ఆవిడ చెయ్యి చాచి, వాడి చెయ్యి ఎక్కడుందో వెతికి, మెల్లగా తలుపు మీద నుంచి తీసేసింది.

"దాన్ని ముట్టుకోకు నాయనా," అంది. "అది అలా కుదరడానికి ఒకాయన చాలా కష్టపడ్డాడు."